ఇ-ఫ్లాటా, ఇ-నేచురలా? షోపాన్ ప్రెల్యూడ్‌కి ఏ పుస్తకం కొనాలి

మీ ప్రశ్నను ముందు రెండు ముక్కల్లో మళ్లీ చెప్తాను, తర్వాత చదివేవాళ్లకి పనికొస్తుంది. మీ అమ్మాయి పియానో మీద పోలిష్ స్వరకర్త షోపాన్ రాసిన సి-మైనర్ ప్రెల్యూడ్ అనే చిన్న రచన (ఓపస్ 28లో 20వది; ఓపస్ అంటే ప్రచురణ సంఖ్య) నేర్చుకుంటోంది. మీరు ఉచితంగా దించుకున్న పీడీఎఫ్‌లో మూడో బార్ (తాళం విభాగం) చివరి కార్డ్‌లో (కలిసి మోగే స్వరాల గుత్తిలో) ఇ-ఫ్లాట్, అంటే అరమెట్టు తగ్గించిన ఇ స్వరం ఉంది. టీచరుగారి పుస్తకంలో అదే చోట ఇ-నేచురల్, అంటే తగ్గించని ఇ ఉంది. యూట్యూబ్‌లో చూస్తే ఇద్దరు పేరున్న పియానిస్టులు చెరొకటి వాయిస్తున్నారు. టీచరుగారేమో ఇవన్నీ కాదు, రెండు వేల పైచిలుకు పెట్టి ఉర్‌టెక్స్ట్ (మూలపాఠం) పుస్తకం కొనండి అంటున్నారు. వీటిలో అచ్చుతప్పు ఏది, ఊరికే దొరికేదానికి అంత డబ్బు ఎందుకు పెట్టాలి అని మీరు అడిగారు.

అచ్చుతప్పు ఏదీ కాదండీ. రెండూ షోపాన్‌వే.

ఆయన రాతప్రతి వార్సాలో పోలండ్ జాతీయ గ్రంథాలయంలో ఉంది. అందులో అదే బార్‌లో ముందు నేచురల్ గుర్తు ఉంది, ఆ చివరి కార్డ్ దగ్గర మళ్లీ ఫ్లాట్ గుర్తు లేదు, కాబట్టి నేచురల్‌గా చదవాలి. 1839లో వచ్చిన తొలి ముద్రణల్లోనూ లేదు. కానీ జేన్ స్టిర్లింగ్ అని ఆయన దగ్గర నేర్చుకున్న ఒక స్కాట్లండ్ శిష్యురాలు ఉండేది. ఆమె పాఠానికి తెచ్చుకున్న అచ్చు పుస్తకాలు ఇప్పుడు పారిస్‌లో ఉన్నాయి, వాటి మీద గురువుగారి పెన్సిల్ గుర్తులు అలాగే మిగిలాయి. ఆ చోట ఆయన ఫ్లాట్ చేర్చాడు. మరి మొదట మర్చిపోయి తర్వాత దిద్దుకున్నాడా? లేక మొదట నేచురలే అనుకుని తర్వాత మనసు మార్చుకున్నాడా? చాలాకాలంగా పండితులు ఈ ఒక్క గుర్తు మీద వాదించుకుంటున్నారు. వాయించి చూస్తే ఎందుకో తెలుస్తుంది. నేచురల్ అయితే ఆ చీకటి గదిలో ఒక్క క్షణం కిటికీ తెరిచినట్టుంటుంది. ఫ్లాట్ అయితే ఆ కిటికీ ఉండదు.

మనకు ఇది కొత్త సంగతేం కాదు. త్యాగరాజ కృతి ఒక్కటే, వాలాజాపేట శిష్యుల పాఠం ఒకటి, ఉమయాళ్‌పురం వాళ్ల పాఠం ఇంకొకటి. అది తప్పు ఇది ఒప్పు అనము, పాఠాంతరం అంటాము. షోపాన్‌కూ పాఠాంతరాలు ఉన్నాయి. తేడా ఏమిటంటే ఇక్కడ చాలామటుకు అచ్చులోనే ఉన్నాయి, అదీ ఆయన బతికుండగానే.

అది ఎలా జరిగిందో తెలిస్తే మిగతా అయోమయం సగం తీరిపోతుంది. ఆ రోజుల్లో ఒక దేశంలో కొన్న ప్రచురణ హక్కు పక్క దేశంలో చెల్లేది కాదు. పారిస్‌లో వచ్చిన పుస్తకాన్ని లైప్‌జిగ్‌లో ఎవడైనా మర్నాడే మళ్లీ అచ్చేసుకోవచ్చు, రచయితకు పైసా రాదు. అందుకని షోపాన్ ఒకే రచనను ముగ్గురికి అమ్మేవాడు: ఫ్రాన్స్‌లో ఒకరికి (చాలాకాలం మోరిస్ ష్లెసింజర్), జర్మనీలో ఒకరికి (ఎక్కువగా లైప్‌జిగ్‌లోని బ్రైట్‌కాఫ్), ఇంగ్లండ్‌లో వెస్సెల్‌కి. ముగ్గురూ ఇంచుమించు ఒకేసారి మార్కెట్‌లోకి తేవాలి. మరి ముగ్గురికి మూడు ప్రతులు కావాలిగా. ఒకరికి సొంత చేతిరాత, ఒకరికి స్నేహితుడు యూలియన్ ఫోంతానా చేత రాయించిన నకలు, ఇంకొకరికి పారిస్ ప్రూఫులు, ఇలా సర్దేవాడు. పారిస్‌లోనే ఉండేవాడు కాబట్టి అక్కడి ప్రూఫులు తనే దిద్దేవాడు. దిద్దడమంటే తప్పులు సరిచేయడంతో ఆగేది కాదు, అప్పటికప్పుడు తోచిన కొత్త ఆలోచన కూడా ఎక్కించేవాడు. ఆ మార్పు అప్పటికే లైప్‌జిగ్ వెళ్లిపోయిన ప్రతికి ఎక్కదు. ఇక లైప్‌జిగ్‌లో ప్రెస్సువాళ్లు తమకు తప్పనిపించినవి తామే సరిచేసేవాళ్లు.

ఈ ప్రెల్యూడ్‌ల సంగతే చూడండి. 1838–39 చలికాలంలో మజోర్కా దీవిలో వాటిని పూర్తిచేసి, 1839 జనవరిలో పారిస్‌లో ఉన్న ఫోంతానాకు పంపాడు. ఆ చేతిరాత చూసి పారిస్‌లో కాతలాన్ అచ్చువేశాడు. ఫోంతానా తీసిన నకలు చూసి బ్రైట్‌కాఫ్ అచ్చువేసింది. చివరికి అంకితం కూడా ఒకటి కాదు: ఫ్రెంచ్ పుస్తకం పియానోలు తయారుచేసే కమీ ప్లేయెల్‌కి, జర్మన్ పుస్తకం కెస్లర్ అనే ఇంకో సంగీతకారుడికి. అంకితం పేజీయే రెండు రకాలుగా ఉంటే లోపల ఒక ఫ్లాట్ గుర్తు తేడా రావడంలో ఆశ్చర్యం ఏముంది?

మీ అమ్మాయికి ఇంకో ముచ్చట చెప్పండి. ఆ ప్రెల్యూడ్ మొదట ఇంకా చిన్నది. రెండో వాక్యం ఒక్కసారే ఉండేది, దాన్ని మెల్లగా మళ్లీ వాయించడం తర్వాత కలిపిందే. చేతిరాతలో ఆ చోట పబ్లిషర్‌కి షోపాన్ ఒక చిన్న గమనిక రాశాడు: ఫలానా ఆయన మాట తరచు నిజమవుతుంది కాబట్టి ఇక్కడ కాస్త తగ్గాను, అని దాని భావం. ఆ ఫలానా ఎవరో పేరు రాయలేదు. మనం ఇప్పుడు ఊపిరి బిగబట్టి వాయించే ఆ నాలుగు బార్లు ఎవరో మొహమాటపెడితే వచ్చినవి!

వెస్సెల్ గురించి కూడా ఒక మాట. ఇంగ్లండ్‌లో అమ్ముడుపోవడానికి ఆయన షోపాన్ రచనలు చాలావాటికి సొంతంగా పేర్లు తగిలించాడు. మొదటి నాక్టర్న్‌లకు 'సీన్ నది గుసగుసలు' అని, మొదటి స్కెర్ట్సోకి 'నరకంలో విందు' అని. షోపాన్ వద్దని చెప్పినా వినలేదు. ఫోంతానాకు రాసిన ఉత్తరంలో ఆ పిచ్చి పేర్ల మీద ఆయన బాగా మండిపడ్డాడు. కాబట్టి పుస్తకంలో 'రెయిన్‌డ్రాప్' అనో 'ట్రిస్టెస్' అనో 'రెవల్యూషనరీ' అనో కనిపిస్తే అది షోపాన్ పెట్టిన పేరు కాదని పిల్లలకు చెప్పేయండి. ట్రిస్టెస్ అంటున్న ఆ ఇ-మేజర్ ఎట్యూడ్‌కి (ఓపస్ 10, 3) ఆయన చేతిరాతలో మొదట పెట్టిన వేగం వివాచే, అంటే చురుగ్గా. తర్వాత వివాచే మా నాన్ ట్రోపో (చురుగ్గా, కానీ మరీ కాదు) అన్నాడు. అచ్చులోకి వచ్చేసరికి అది లెంటో మా నాన్ ట్రోపో (నిదానంగా, కానీ మరీ కాదు) అయింది. విషాదం పేరు తగిలించి నిద్రపోతున్నట్టు వాయించేవాళ్లకి ఇది చూపిస్తుంటాను.

ఇంతవరకు షోపాన్ బతికుండగా జరిగింది. ఆయన 1849లో పోయాక అసలు గొడవ మొదలైంది, మీ పీడీఎఫ్ కథ కూడా అక్కడే ఉంది.

పంతొమ్మిదో శతాబ్దం రెండో సగంలో ఎడిటర్ అంటే పాఠాన్ని కాపాడేవాడు కాదు, పాఠం చెప్పేవాడు. పెద్ద పియానిస్టు ఎవరో ఒకరు తను ఎలా వాయిస్తాడో అదంతా పేజీ మీద రాసేసేవాడు: ఇక్కడ క్రెషెండో (క్రమంగా ధ్వని పెంచడం), ఇక్కడ పెడల్, ఈ పొడుగు స్లర్ (స్వరాలను కలిపే వంపు గీత) నచ్చలేదు, మూడు ముక్కలు చేద్దాం, ఈ స్వరం వింతగా ఉంది, ఇది అచ్చుతప్పే అయ్యుంటుంది, మార్చేద్దాం. ఏది షోపాన్ రాసింది, ఏది తను కలిపింది అని చెప్పేవాడు కాదు. అన్నీ ఒకే సిరా, ఒకే సైజు. జి-మైనర్ బల్లాడ్ ఏడో బార్‌లో ఎడమచేతి కార్డ్‌లో ఇ-ఫ్లాట్ ఉంటుంది, చెవికి గుచ్చుకుంటుంది. షోపాన్ చేతిరాతలో అది స్పష్టంగా ఉంది. కొందరు ఎడిటర్లు దాన్ని చక్కగా డి చేసేశారు. గుచ్చుకోవడం పోయింది, అందులో ఉన్న ప్రశ్న కూడా పోయింది.

నా సంగతి చెప్తాను. నేను సికింద్రాబాద్‌లో నేర్చుకునే రోజుల్లో పుస్తకం అంటే జిరాక్సే. అది కూడా జిరాక్స్‌కి జిరాక్స్. అట్ట ఉండదు, ముందుమాట ఉండదు, మొదటి పేజీ మీద షోపాన్ అని మాత్రం ఉంటుంది. అలాంటి కాయితాల మీదే ఇ-ఫ్లాట్ నాక్టర్న్ (ఓపస్ 9, 2) రెండేళ్లు సాధన చేశాను. ప్రతి గుర్తునూ భక్తిగా పాటించాను. తర్వాత చెన్నైలో బయటినుంచి వచ్చిన ఒక పెద్దాయన దగ్గర మాస్టర్‌క్లాస్‌లో వాయిస్తే, ఒకచోట ఆపి "ఈ క్రెషెండో ఎవరిది?" అని అడిగారు. ఇదేం ప్రశ్న, షోపాన్‌ది అన్నాను. ఆయన తన పుస్తకం తెరిచి చూపించారు. అక్కడ అలాంటిదేం లేదు, దానికి సరిగ్గా వ్యతిరేకంగా ఉంది. అప్పటిదాకా నేను నేర్చుకున్నదాంట్లో ఏది ఎవరిదో నాకు తెలియదని ఆ రోజే అర్థమైంది. ఆ కాయితాల మీద ఎడిటర్ పేరు ఉండుంటే కనీసం ఫలానా ఆయన అభిప్రాయం అని తెలిసేది. మూలం అదృశ్యం కావడం ఎంత నష్టమో, మార్చిన మనిషి పేరు అదృశ్యం కావడం కూడా అంతే నష్టం.

కాబట్టి ఏ పుస్తకం చేతికొచ్చినా నేను మొదట చూసేది ఎడిటర్ పేరు. షోపాన్ విషయంలో మీకు తరచు తగిలే పేర్లు ఇవి.

కార్ల్ మికూలి: షోపాన్ దగ్గర నేరుగా చదువుకున్న శిష్యుడు. ఈయన ఎడిషన్ 1879 ప్రాంతంలో లైప్‌జిగ్‌లో కిస్ట్‌నర్ దగ్గర వచ్చింది, తర్వాత అమెరికాలో షిర్మర్ పసుపు అట్టల్లోనూ, డోవర్ చవక పునర్ముద్రణల్లోనూ లోకమంతా తిరిగింది. శిష్యుడన్న మాట విని పూర్తిగా నమ్మేయకండి, ఆయన కూడా చేయిపెట్టాడు. కానీ ఉచితంగా దొరికే పాతవాటిలో మర్యాదైనది ఇదే. క్లిండ్‌వర్త్ ఎడిషన్ 1870ల్లో మాస్కోలో వచ్చింది, ఆ కాలంలో దానికి మహా పేరు. ఇప్పుడు చూస్తే అందులో క్లిండ్‌వర్తే ఎక్కువ. స్లర్‌ల సంగతి చూస్తే తెలిసిపోతుంది.

అదే దశకం చివర్లో బ్రైట్‌కాఫ్ సంపూర్ణ రచనల ఎడిషన్ తెచ్చింది. సంపాదకవర్గంలో ఎవరున్నారో తెలుసా? మహా స్వరకర్తలు బ్రామ్స్, లిస్ట్! వాళ్లతో పాటు షోపాన్ స్నేహితుడు, చెల్లో విద్వాంసుడు ఫ్రాంకోమ్. షోపాన్ స్వరాలు రాసే తీరు వ్యాకరణానికి విరుద్ధంగా కనిపించినా దిద్దొద్దని బ్రామ్స్ తోటివాళ్లకు చెప్పాడు. స్పెల్లింగ్ దిద్దడం మొదలుపెడితే చివరికి ఎక్కడ తేలతామో ఆయనకు తెలుసు. దీనికి ఒక మంచి ఉదాహరణ ఉంది. బి-ఫ్లాట్ మైనర్ సొనాటాలో (ఫ్యూనరల్ మార్చ్ ఉన్నదే, ఓపస్ 35) మొదటి భాగం నాలుగు బార్ల నిదానమైన ప్రవేశంతో మొదలవుతుంది. తర్వాత వేగం. ఎక్స్‌పొజిషన్ (ఇతివృత్తాలను పరిచయం చేసే మొదటి విభాగం) మళ్లీ వాయించేటప్పుడు ఆ నాలుగు బార్లనుంచి మొదలెట్టాలా, వేగం అందుకున్న ఐదో బార్‌నుంచా? 1840 నాటి జర్మన్ తొలి ముద్రణలో ఐదో బార్ దగ్గర రిపీట్ చుక్కలు పెట్టారు. మిగతా ఆధారాలు చూస్తే ఆ చుక్కలు ప్రెస్‌లో పడ్డ పొరపాటులాగే కనిపిస్తాయి. బ్రామ్స్ వాళ్ల ఎడిషన్ మొదటి బార్‌కే పంపింది. అయినా ఇరవయ్యో శతాబ్దంలో చాలా పుస్తకాలు మళ్లీ ఐదో బార్‌కే వెళ్లాయి, రికార్డింగులూ అలాగే అలవాటుపడ్డాయి. పియానిస్టు, రచయిత చార్ల్స్ రోజెన్ ఈ విషయం గట్టిగా రాశాక గానీ పియానిస్టులు మళ్లీ ఆలోచించలేదు. రెండు చుక్కలు! వంద ఏళ్లకు పైగా ఒక మహా సొనాటా నడకనే మార్చేశాయి.

ఆల్ఫ్రెడ్ కోర్టో పుస్తకాలు వేరే జాతి. 1915లో ఎట్యూడ్‌లతో మొదలైన ఆ వరుసను ఆయనే అభ్యాస ఎడిషన్ అన్నాడు, దాపరికం లేదు. కష్టమైన ప్రతి చోటుకీ చిన్న చిన్న ఎక్సర్‌సైజులు తయారుచేసి ఇచ్చాడు. ఎట్యూడ్‌లు నేర్చుకునే పిల్లలకు నేను ఇప్పటికీ అవి చూపిస్తాను. కానీ స్వరాల కోసం కాదు, వ్యాయామాల కోసం. మంచి టీచర్ పక్కన కూర్చున్నట్టు ఉంటుంది, అంతవరకే.

పడెరెవ్‌స్కీ ఎడిషన్ గురించి మన దగ్గర ఒక భక్తి ఉంది. మా టీచర్లకు అదే ప్రమాణం. పోలండ్‌లో 1949నుంచి వచ్చిన ఆ సంపుటాల మీద పడెరెవ్‌స్కీ పేరు పెద్దగా ఉంటుంది, కానీ ఆయన 1941లోనే పోయాడు. అసలు పని ఎక్కువగా బ్రొనార్‌స్కీ, తుర్చిన్‌స్కీలది. నిజాయితీగా చేసిన పనే, వెనక వ్యాఖ్యలు కూడా ఉన్నాయి. అందులో నాకు నచ్చని సంగతి ఒకటే: రాతప్రతి, ఫ్రెంచ్, జర్మన్, ఇంగ్లిష్ అన్నిటినుంచీ నచ్చిన ముక్కలు ఏరి ఒకటిగా కుట్టారు. అలా కుట్టిన పాఠం షోపాన్ ఏ రోజూ ఎక్కడా రాసింది కాదు. దానికితోడు బ్రామ్స్ వద్దన్న పనే, స్వరాల స్పెల్లింగ్ దిద్దడం, వీళ్లు చేశారు.

ఆ తర్వాత యాన్ ఎకియర్. 1913లో పుట్టి 2014లో, నూరేళ్లు దాటాక పోయాడు. పోలిష్ నేషనల్ ఎడిషన్ అనే పనిని 1959లో చేపట్టి 2010కి పూర్తిచేశాడు. యాభై ఏళ్లు! వార్సా షోపాన్ పోటీవాళ్లు సిఫార్సు చేసేది దీన్నే. ఇందులో షోపాన్ బతికుండగా అచ్చైనవి ఒక వరుస, చనిపోయాక బయటపడ్డవి ఇంకో వరుస. ఈ విభజన ఎందుకు ముఖ్యమో చెప్తాను, ఎందుకంటే మీ అమ్మాయి తర్వాత కచ్చితంగా ఫాంటసీ-ఇంప్రాంప్టు వాయిస్తానంటుంది. అందరూ అంటారు.

ఆ రచనను షోపాన్ ప్రచురించలేదు. చనిపోయే ముందు, అచ్చుకాని కాయితాలన్నీ తగలబెట్టమని చెప్పాడు. ఫోంతానా తగలబెట్టలేదు. షోపాన్ కుటుంబం అనుమతితో 1855లో కొన్నిటిని బయటికి తెచ్చాడు, ఓపస్ 66 అని నంబరు వేసి, 'ఫాంటసీ' అన్న మాట తనే చేర్చాడు. లోకం వందేళ్లు ఆ పాఠాన్నే వాయించింది. 1960లో పియానిస్ట్ ఆర్తుర్ రూబిన్‌స్టీన్‌కి పారిస్‌లో ఒక పాత ఆల్బం దొరికింది, అందులో 1835 తేదీతో షోపాన్ స్వహస్తాలతో అదే రచన, బారొనెస్ దెస్తె కోసం రాసింది. చూస్తే స్వరాల్లో, యాక్సెంట్లలో, ఎడమచేతి నడకలో ఎన్నో తేడాలు. ఫోంతానా పాఠం ఇంకో పాత చిత్తునుంచి వచ్చినట్టుంది. రూబిన్‌స్టీన్ 1962లో దాన్ని అచ్చువేయించాడు. ఇప్పుడు మంచి పుస్తకాల్లో రెండు పాఠాలూ ఇస్తారు. ఉచిత పీడీఎఫ్‌లలో దాదాపు అన్నీ ఫోంతానావే. ఆ తెలివితో వాయిస్తే పర్వాలేదు.

ఇక మీ టీచరుగారు చెప్పిన ఉర్‌టెక్స్ట్ పుస్తకాలు. వాటిలో నీలం అట్టలవి హెన్లేవి, 1948లో గుంటర్ హెన్లే మొదలుపెట్టిన జర్మన్ సంస్థ. ఉర్‌టెక్స్ట్ అనే జర్మన్ మాటకు మూలపాఠం అని అర్థం. మనవాళ్లు కావ్యాలకు పరిష్కరణ అంటారే, తాళపత్రాలన్నీ పక్కపక్కన పెట్టి, ఏది తీసుకున్నారో ఎందుకు తీసుకున్నారో కింద రాసి, అదే పని ఇది. అయితే అట్ట మీద ఉర్‌టెక్స్ట్ అని ఉంటే లోపల దేవుడి వాక్కు ఉందనుకోకండి. ఆ మాటకు ఎవరి దగ్గరా లైసెన్స్ అక్కర్లేదు, ఎవరైనా అచ్చువేసుకోవచ్చు. పైగా షోపాన్ లాంటివాడికి మూలపాఠం అని ఒకటే ఉండదని ఇప్పటిదాకా చూశాం. నా లెక్కలో ఉర్‌టెక్స్ట్ అనిపించుకోవాలంటే ఏ ఆధారాలు వాడారో చెప్పాలి, పాఠాంతరాలు ఇవ్వాలి, ఎడిటర్ చేర్చినవి బ్రాకెట్లలోనో చిన్న అక్షరాల్లోనో విడిగా కనబడాలి. దుకాణంలో పుస్తకం చివరి పేజీలు తిప్పండి. వ్యాఖ్యలు ఉంటే కొనండి, లేకపోతే అట్టకు డబ్బు ఇస్తున్నట్టే.

హెన్లే, ఎకియర్, పీటర్స్ కొత్త సిరీస్ (జాన్ రింక్, జిమ్ శామ్సన్, గ్రాబోవ్‌స్కీ, ఐగెల్‌డింగర్ చేసినది), ఈ మూడింటిలో ఏదైనా నాకు సమ్మతమే. తేడా ఆలోచనలో ఉంది. పీటర్స్‌వాళ్లు ఒకే ఆధారాన్ని మంచిదని ఎంచుకుని దానికే కట్టుబడతారు, మిగతావి పేజీ మీదే పాఠాంతరాలుగా చూపిస్తారు. ఎకియర్ శిష్యుల పుస్తకాల్లోని పెన్సిల్ గుర్తులకు పెద్దపీట వేస్తాడు. ఓపస్ 9 రెండో నాక్టర్న్‌కి షోపాన్ శిష్యులకు రాసిచ్చిన అలంకారాలన్నీ కలిపి వేరే పాఠంగా అచ్చువేశాడు, చూస్తే మన గమకాలు గుర్తొస్తాయి. ఎకియర్‌తో నాకు ఒకటే పేచీ, కొన్నిచోట్ల ఆయన తేల్చేసి మాట్లాడతాడు. హెన్లే కాయితం, కుట్టు బాగుంటాయి, పియానో స్టాండ్ మీద తెరిస్తే తెరుచుకునే ఉంటుంది. నవ్వకండి, సాధన చేసేవాళ్లకు అది చిన్న విషయం కాదు.

వేళ్ల నంబర్ల గురించి కూడా కాస్త జాగ్రత్త. ఉర్‌టెక్స్ట్‌లో కూడా ఫింగరింగ్ ఎక్కువగా ఎవరో ఆధునిక పియానిస్టు వేసిందే ఉంటుంది, ఆయన చెయ్యి మీ అమ్మాయి చెయ్యి కాదు. నచ్చకపోతే మార్చుకోవచ్చు. కానీ షోపాన్ స్వయంగా వేసినవి కూడా ఉన్నాయి. ఓపస్ 10 రెండో ఎట్యూడ్‌లో 3, 4, 5 వేళ్లతో దాదాపు ప్రతి స్వరానికీ ఆయనే రాశాడు, ఆ ఎట్యూడ్ ఉన్నదే అందుకు. అవి మార్చేస్తే రచనే మారినట్టు. నేషనల్ ఎడిషన్‌లో షోపాన్ అంకెలు ముదురుగా, ఎడిటర్ అంకెలు ఇటాలిక్‌లో ఉంటాయి. వేరే సంస్థల పద్ధతి వేరు, ముందుమాటలో చూసుకోవాలి. పెడల్ గుర్తులకు కూడా అంతే. షోపాన్‌వి అయితే ముందు అర్థం చేసుకోండి. కానీ ఆయన ప్లేయెల్ పియానోలో మోత త్వరగా ఆరిపోయేది, ఇప్పటి గ్రాండ్ మీద అక్షరాలా పాటిస్తే కొన్నిచోట్ల ముద్దయిపోతుంది.

మిగతా రొమాంటిక్ కాలపు స్వరకర్తల గురించి మీరు అడగలేదు గానీ, ఒకసారి పుస్తకాలు కొనడం మొదలుపెడితే ఆగదు కాబట్టి గబగబా చెప్తాను. షూమాన్‌తో చిక్కు వేరు: ఆయనే యౌవనంలో ఒకటి రాసి, పెద్దయ్యాక మార్చి మళ్లీ అచ్చువేశాడు. డేవిడ్స్‌బుండ్లర్ నృత్యాలకు 1838లో ఒక్కో ముక్క కింద ఫ్లోరెస్టాన్, యూసెబియస్ అనే తన రెండు ఊహా వ్యక్తుల పొడి అక్షరాలు పెట్టుకున్నాడు, 1850 ముద్రణలో తీసేశాడు. సింఫోనిక్ ఎట్యూడ్‌లు 1837లో ఒకలా, 1852లో రెండు ఎట్యూడ్‌లు తగ్గించి ఇంకోలా వచ్చాయి. ఆయన పక్కనపెట్టిన ఐదు వేరియేషన్లను 1873లో బ్రామ్స్ బయటికి తెచ్చాడు. ఏ సంవత్సరం పాఠమో పుస్తకంలో చూసి కొనండి. ఆయన భార్య క్లారా షూమాన్ ఎడిషన్ ఉచితంగా దొరుకుతుంది, చాలా విలువైనదే, కానీ 1887లో వచ్చిన బోధనా ఎడిషన్‌లో మెట్రోనోమ్ అంకెలు కొన్ని ఆమెవి. లిస్ట్ ట్రాన్సెండెంటల్ ఎట్యూడ్‌లు మూడు రూపాల్లో ఉన్నాయి, 1852 నాటిదే వాయించాలి, లిస్ట్ కోరింది కూడా అదే. మెండెల్‌సన్ మాటల్లేని పాటలకు ఉండే పేర్లలో చాలా మటుకు పబ్లిషర్లు పెట్టినవి, 'స్ప్రింగ్ సాంగ్' సహా.

షూబర్ట్‌ది మాత్రం వదలబుద్ధి కావడం లేదు. ఓపస్ 90లో మూడో ఇంప్రాంప్టు జి-ఫ్లాట్ మేజర్‌లో, ఆరు ఫ్లాట్లతో, చాలా పొడవైన బార్లతో రాశాడు. 1827లో మొదటి రెండే అచ్చయ్యాయి. ఈ మూడోది 1857లో, అంటే ఆయన పోయిన 29 ఏళ్లకు, వియన్నాలో హస్లింగర్ దగ్గర వచ్చింది. ఆరు ఫ్లాట్లు చూస్తే ఇళ్లలో వాయించేవాళ్లు భయపడతారని జి-మేజర్‌కి మార్చేశారు, బార్లను సగానికి కోసేశారు. ఒక అర్ధస్వరం పైకి వెళ్లగానే ఆ పాట నల్ల మెట్ల మీది మెత్తదనం వదిలేసి తెల్ల మెట్ల మీదికి వచ్చేసింది. పాత పీడీఎఫ్‌లలో ఇంకా ఈ జి-మేజర్ పాఠం తిరుగుతోంది. మా దగ్గరికి ఒకబ్బాయి దాన్ని పూర్తిగా నేర్చుకుని వచ్చాడు, మళ్లీ మొదటినుంచి నేర్చుకోవాల్సి వచ్చింది, పాపం.

ఇప్పుడు డబ్బు సంగతి. ఉచితం అంటే తక్కువరకం అని నేను అనను. 2006నుంచి నడుస్తున్న ఐఎంఎస్‌ఎల్‌పీ (ఉచిత స్వరలిపి పుస్తకాల సైట్) నాకు రోజూ పని. కానీ అక్కడ షోపాన్ ప్రెల్యూడ్ అని వెతికి మొదట కనిపించింది దించుకోవడం కాకుండా, ఆ పేజీలో కిందికి వెళ్లి ఎడిటర్, పబ్లిషర్, సంవత్సరం చూడండి. తొలి ముద్రణల స్కాన్‌లు కూడా అక్కడే ఉంటాయి. 'షోపాన్స్ ఫస్ట్ ఎడిషన్స్ ఆన్‌లైన్' అనే ఇంకో ఉచిత సైట్‌లో ఫ్రెంచ్, జర్మన్, ఇంగ్లిష్ తొలి ముద్రణలు చూడొచ్చు. మూడో బార్ తీసి మీ అమ్మాయికి చూపించండి, ఈ సమాధానమంతటికంటే అది బాగా పనిచేస్తుంది. మన దేశంలో కాపీరైట్ రచయిత పోయాక 60 ఏళ్లు. 1962లో పోయిన కోర్టోది ఆ లెక్కన 2023నుంచి తీరిపోయింది. ఎకియర్ 2014లో పోయాడు, కాబట్టి వాట్సాప్ గ్రూపుల్లో తిరిగే ఆయన సంపుటాల స్కాన్‌లు చట్టబద్ధం కావు.

ఆన్‌లైన్‌లో కొనేటప్పుడు ఇంకో మోసం ఉంది. అట్ట కొత్తగా ఉంటుంది, లోపల పాత పీడీఎఫ్‌నే అచ్చుకొట్టి అమ్ముతారు. నేను ఒకసారి అలా తెప్పించుకుంటే ప్రతి పేజీలో చివరి వరస సగం తెగిపోయి ఉంది, ఎడిటర్ పేరు ఎక్కడా లేదు. పబ్లిషర్ పేరు, ఎడిటర్ పేరు వివరాల్లో లేకపోతే ఆర్డర్ పెట్టకండి.

మీ అమ్మాయి పియానో పరీక్షకు వెళ్తుంటే ఎడిషన్ గురించి మీకు టెన్షన్ అక్కర్లేదు. ఏబీఆర్ఎస్ఎమ్ (బ్రిటన్ సంగీత పరీక్షల బోర్డు) వాళ్లు సిలబస్‌లో రాసే ఎడిషన్ మామూలుగా సూచన మాత్రమే, ఫలానాదే వాడాలని ప్రత్యేకంగా ఉంటే తప్ప వేరే ఎడిషన్ వాడొచ్చు. ఎడిటర్ చేర్చిన గుర్తులను అక్షరాలా పాటించాలనీ లేదు. హాల్లోకి జిరాక్స్ తీసుకెళ్లడం మాత్రం ఇబ్బంది.

మీ పరిస్థితిలో నేనైతే ఈ ఒక్క ప్రెల్యూడ్ కోసం రెండు వేలు పెట్టను. ఇప్పటికి మికూలి పీడీఎఫ్ చాలు, తొలి ముద్రణను పక్కన పెట్టుకుంటే సరి. మిగతా ప్రెల్యూడ్‌లు కూడా నేర్చుకుంటానంటే అప్పుడు ఎకియర్ సంపుటం కొనండి, ఓపస్ 45 ప్రెల్యూడ్ కూడా అందులోనే ఉంటుంది. ఆ మూడో బార్ దగ్గర అమ్మాయిని వారంపాటు ఒకరోజు ఫ్లాట్, ఒకరోజు నేచురల్ వాయించమనండి. నాకు ఫ్లాట్ ఇష్టం, మా శిష్యుల్లో సగానికి పైగా నేచురలే ఎంచుకుంటారు. ఏది ఎంచుకున్నా ఆ కార్డ్ పైన పెన్సిల్‌తో రాసి పెట్టమనండి, లేకపోతే స్టేజీ మీద చెయ్యి తడబడుతుంది.